చెరువు కట్ట వెంట తీరిక యాత్ర : ఇందల్వాయి ప్రాంతంలో వ్యవసాయ పర్యాటకానికి నీటి లెక్క

హైదరాబాదు నుండి ఉత్తరంగా 44వ నంబరు జాతీయ రహదారిపై వెళ్ళే ప్రయాణికునికి కామారెడ్డి దాటిన తరువాత రెండు వైపులా అడవి, గుట్టలు, వాటి నడుమ అక్కడక్కడ తళుక్కుమనే నీటి పలకలు కనిపిస్తాయి. ఇందల్వాయి టోల్ ప్లాజా వద్ద బండి ఒక క్షణం ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆ నీటి పలకలేమిటో, వాటి కింద ఏమి పండుతున్నదో తెలుసుకునే తీరిక ఎవరికీ ఉండదు. విస్తరణ విభాగాలు రైతుల కోసం ఏర్పాటు చేసే విజ్ఞాన యాత్రలు సైతం ఇందుకు భిన్నంగా లేవు. ఒక్క రోజులో నాలుగు చోట్లు, ప్రతి చోటా ఒక ఫ్లెక్సీ, ఒక సామూహిక ఛాయాచిత్రం, మధ్యాహ్న భోజనం, తిరుగు ప్రయాణం. రైతు చూసినది తక్కువ, బస్సులో కూర్చున్నది ఎక్కువ.

ఈ పరిస్థితికి ప్రత్యామ్నాయంగా ఒకే చెరువును, దాని ఆయకట్టును, దాని శిఖాన్ని ఒక పూటో ఒక రోజో నింపాదిగా నడిచి చూసే యాత్రను రూపొందించవచ్చు. దీనిని వ్యవసాయ పర్యాటకమని పిలుస్తున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం 2020లో ఇందుకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించింది. అయితే చెరువును చూడటానికి జనం రావడం మొదలైతే చెరువు ఎవరి కోసం నిండి ఉండాలన్న ప్రశ్న వస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ ప్రశ్నకు సంబంధించినది.

పాత బాట, పాత నీరు

ఇందల్వాయి 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది గాని, ఊరు చాలా పాతది. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఈ ఊరిని ప్రస్తావించి, ఇక్కడ తయారయ్యే కత్తులు, బాకులు, బల్లెములు దేశమంతటా అమ్ముడుపోతాయని వ్రాశాడు. ఇదే జిల్లాలోని కోనసముద్రం ఉక్కు పర్షియా వరకు ఎగుమతి అయిన సంగతి లోహశాస్త్ర చరిత్రలో సుప్రసిద్ధం. కొలిమికి కావలసిన బొగ్గు ఈ అడవులే ఇచ్చాయి. అడవి పలచబడిన గుట్టల నుండి వాన నీరు వేగంగా దిగుతుంది, మట్టిని వెంట తెస్తుంది. ఆ నీటిని ఆపి, మట్టిని పట్టే పని చెరువులది. ఇక్కడి ఎర్ర చల్కా నేలల్లో చెరువు లేనిదే వరి లేదు.

సిర్నాపల్లి సంస్థానం ఈ మండలంలోనిదే. సంస్థానాన్ని దశాబ్దాలపాటు పాలించిన చీలం జానకీబాయి పేరు నేటికీ ఈ ప్రాంతపు నీటి వనరులతో కలిపి తలచుకుంటారు. సిర్నాపల్లి అడవిలోని జలపాతానికీ ఆమె పేరే. వానాకాలంలో మాత్రమే పారే ఈ జలపాతానికి సెలవు రోజుల్లో జనం విరివిగా వస్తారు. వచ్చినవారిలో ఆ నీరు దిగువన ఏ కుంటలో చేరుతున్నదో అడిగేవారు అరుదు. ధర్పల్లి వైపు రామడుగు ప్రాజెక్టు, డిచ్‌పల్లి గుట్ట మీది శిల్పసమృద్ధమైన రామాలయం, దాని పక్క కోనేరు, ఇందల్వాయి రామాలయం, ఇవన్నీ చిన్న వలయంలోనే ఉన్నాయి. ఒక రోజు యాత్రకు ఇవే ఎక్కువ. వీటిలో రెండింటిని వదిలివేసే ధైర్యం ఉన్న నిర్వాహకుడే మంచి యాత్రను నడపగలడు.

చెరువు సంవత్సరం

గొలుసుకట్టు చెరువు ఒక జలాశయం మాత్రమే కాదు. ఎగువ చెరువు మత్తడి దుమికితే ఆ నీరు ఒర్రె ద్వారా దిగువ చెరువుకు చేరుతుంది. అందువల్ల ఒక చెరువు కట్టపై నిలిచి చూసేటప్పుడు ముందుగా తెలుసుకోవలసినది, దాని పైన ఏది ఉంది, కింద ఏది ఉంది అన్నది. తూము, మత్తడి, కట్ట, శిఖం, ఆయకట్టు అన్న ఐదు మాటలను విద్యార్థి పుస్తకంలో చదివి ఉంటాడు. తూము ఎత్తుకూ మత్తడి ఎత్తుకూ మధ్యనున్న నీరే పంటకు పనికివస్తుందని, తూము కంటే దిగువన నిలిచే నీరు చేపలకు, పశువులకు, భూగర్భ జలానికి మిగులుతుందని అతనికి కట్ట మీద నిలిచినప్పుడే సరిగా అర్థమవుతుంది.

జూన్‌లో తొలకరి పడుతుంది. చెరువు అప్పటికి అడుగంటి ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో నిండటం మొదలై, మంచి సంవత్సరమైతే సెప్టెంబరుకు మత్తడి దుముకుతుంది. బతుకమ్మ పండుగ నాటికి చెరువు నిండుగా ఉంటుంది, ఆడబిడ్డలు బతుకమ్మలను సాగనంపేది ఆ నీటిలోనే. బతుకమ్మను పేర్చే గునుగు పువ్వు మక్కజొన్న, జొన్న చేలలో కలుపు మొక్క. సస్యశాస్త్ర పాఠంలో దానిని నిర్మూలించవలసిన మొక్కగా చెబుతాము, పండుగ నాడు అదే మొక్క కోసం చేలన్నీ వెతుకుతారు. కలుపు మందుల వాడకం పెరిగిన ఊళ్ళలో గునుగు కోసం దూరం పోవలసి వస్తున్నది. కలుపు యాజమాన్యం పాఠానికి ఇంతకంటే మంచి సందర్భం విద్యార్థులకు తరగతి గదిలో దొరకదు.

వానాకాలం వరి కోతకు వచ్చిన తరువాత, డిసెంబరు నుండి యాసంగికి తూము తెరుస్తారు. ఎంత విస్తీర్ణానికి నీరివ్వాలన్నది అప్పటి నీటి మట్టాన్ని బట్టి రైతులు కూర్చుని తేల్చుకుంటారు. నీరటి ఆ నిర్ణయాన్ని మడి మడికీ అమలు చేస్తాడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు వెనక్కు తగ్గుతుంది, తేలిన శిఖం అంచున గొర్రెలు, బర్రెలు మేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో చేపల వేట. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలకు సంవత్సరపు రాబడి ఆ కొద్ది వారాలలోనే వస్తుంది. ఆ తరువాత ఎండిన అడుగు నుండి పూడిక మట్టి తీసి చేలకు తోలుకుంటారు. మళ్ళీ తొలకరి.

అంటే చెరువు నిండటం ఎంత అవసరమో, ఖాళీ కావడం కూడా అంతే అవసరం. పర్యాటక ప్రణాళికలు వ్రాసేవారు సాధారణంగా మరచిపోయేది ఈ రెండవ సగాన్నే.

పడవ కోరే నీరు, పంట కోరే నీరు

చెరువులో పడవ నడపాలంటే ఏడాది పొడవునా కనీసపు లోతు కావాలి. పర్యాటకులు ఎక్కువగా వచ్చేది వేసవి సెలవుల్లో. వంద ఎకరాల నీటి విస్తీర్ణమున్న చెరువులో తూము మట్టానికి పైన ఒక మీటరు నీటిని పడవల కోసం ఆపి ఉంచారనుకుంటే, ఆ నీరు వంద ఎకరాల మీద ఒక మీటరు లోతు. యాసంగి వరికి పంట కాలం మొత్తం మీద సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. కాలువ నష్టాలు, ఆవిరి లెక్కించకుండానే, ఆపిన నీరు 80 ఎకరాల పైచిలుకు వరికి సరిపోయేది. మక్కజొన్నకైతే 550 మిల్లీమీటర్ల లెక్కన 180 ఎకరాలు. పడవ టికెట్ల ఆదాయం ఎవరికి పోతుంది, ఎండిన ఆ ఎకరాల నష్టం ఎవరికి వస్తుంది అన్నది ఊరిలో తేలకుండా పడవను నీటిలోకి దింపకూడదు.

ఇందుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి పరిశీలించదగినది. చైనాలోని హునాన్ రాష్ట్రంలో జాంగ్‌జియాజియే ప్రాంతం తుజియా జనజాతి నివాసభూమి. అక్కడి బావొఫెంగ్ సరస్సు సహజమైనది కాదు. 1970 దశకంలో జలవిద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీరు అది. పక్కనున్న ఉలింగ్‌యువాన్ రాతి స్తంభాల ప్రాంతానికి 1992లో యునెస్కో గుర్తింపు లభించింది. ఇప్పుడు ఆ సరస్సు మీద పర్యాటకుల పడవలు నింపాదిగా తిరుగుతాయి. పడవ ఒక మలుపు తిరిగేసరికి ఒడ్డున కట్టిన చిన్న నావ నుండి తుజియా యువతి బయటికి వచ్చి పాట పాడుతుంది, పడవలోని వారు తిరిగి పాడవలె. ముచ్చటైన ఏర్పాటే. కానీ తుజియా పల్లెలో పాట నిజానికి పొలం పనితో, పెళ్ళితో, చావుతో ముడిపడినది. సరస్సు మీద ఆ పాట గంటకు ఇన్నిసార్లు చొప్పున పునరావృతమయ్యే ఉద్యోగమైంది. బతుకమ్మను వారాంతపు ప్రదర్శనగా మార్చాలని ఎవరైనా సూచించినప్పుడు ఈ ఉదాహరణను గుర్తుచేయవచ్చు.

తెలంగాణలోనే దగ్గరి ఉదాహరణ ములుగు జిల్లా లక్నవరం. కాకతీయుల కాలపు ఆ చెరువులో నేడు దీవులను కలిపే వేలాడే వంతెనలు, పడవలు, విడిది గదులు ఉన్నాయి. చెరువు కింద ఆయకట్టు కూడా సాగులోనే ఉంది. పెద్ద చెరువు కావడం వల్ల అక్కడ రెండూ కొంతవరకు ఇమిడాయి. ఇందల్వాయి చుట్టుపక్కల చెరువులు అంత పెద్దవి కావు. ఇక్కడ రెండింటిలో ఒకటే ఇముడుతుంది. అందువల్ల ఇక్కడ నడకకు మాత్రమే ప్రాధాన్యమివ్వాలి, పడవ అనవసరం. చెరువు ఏ నెలలో ఎలా ఉంటే ఆ నెల యాత్ర అలాగే ఉండవలె.

మినీ ట్యాంక్‌బండ్‌ల పేరుతో కొన్ని పట్టణాలలో కట్టలను సుందరీకరించారు. రెయిలింగులు, పలకలు పరచిన బాట, విద్యుద్దీపాలు సాయంకాలపు నడకకు హాయిగానే ఉంటాయి. పల్లె చెరువు కట్టపై అదే నమూనా పెడితే పశువులు దిగే రేవు, బట్టలు ఉతికే బండ, చేపల వలలు ఆరవేసే స్థలం పోతాయి. చూడటానికి వచ్చినవారికి చూడవలసినదే మిగలదు.

పసుపు చెరువు నుండి నీరెలా తాగుతుంది?

ఆర్మూరు, నిజామాబాదు అనగానే పసుపు గుర్తుకు వస్తుంది. నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో ప్రారంభమైంది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం ఉంది. గోదావరి తెలంగాణలో ప్రవేశించే కందకుర్తి వద్ద గోదావరి, మంజీరలతో కలిసే మూడవ నదికి హరిద్ర అని పేరు. సంస్కృతంలో హరిద్ర అంటే పసుపే. అయినా పసుపు చెరువు కింది తరి పంట కాదని యాత్రికునికి మొదటనే చెప్పాలి. నీరు నిలిస్తే పసుపులో దుంపకుళ్ళు తెగులు వస్తుంది. అందుకే మురుగు పోయే నేలల్లో, ఎత్తు మడులపై, బావుల కింద, బోర్ల కింద దీనిని పండిస్తారు. ఆ బావిలోకి నీరు ఎక్కడిది? చాలాచోట్ల పక్కనున్న చెరువు నుండి ఇంకినదే. వరి రైతు చెరువు నీటిని తూము ద్వారా తీసుకుంటే, పసుపు రైతు అదే నీటిని బావి ద్వారా తీసుకుంటాడు. తూము కింద ఒక్క గుంట లేని రైతుకు కూడా చెరువులో వాటా ఉందన్నది ఈ యాత్రలో చూపదగిన అతి ముఖ్యమైన సత్యం. జనవరిలో చెరువు మట్టాన్ని, సమీపంలోని రెండు మూడు బావుల మట్టాన్ని కొలిచి, మార్చిలో మళ్ళీ కొలిస్తే విద్యార్థులకు స్వయంగా బోధపడుతుంది.

జూన్, జూలై నెలల్లో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలల పంట. మొదట్లో దానితో పాటు మక్కజొన్నను అంతరపంటగా వేస్తారు. ప్రగతి వంటి సుమారు 180 రోజుల స్వల్పకాలిక రకాలతో చివరి నెలల తడులు మిగులుతాయి. నీటి కొరత ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు. జనవరి నుండి మార్చి వరకు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం సాగుతాయి. యాత్రకు ఇదే సర్వోత్తమ కాలం. తెల్లవారుజామున ఊరి బయట పసుపు ఉడికే వాసన రోడ్డు మీదికి వస్తుంది. ఉడికినదీ లేనిదీ రైతు నురుగును బట్టి, వాసనను బట్టి, కొమ్ములోకి పుల్ల గుచ్చి తెలుసుకుంటాడు. తక్కువ ఉడికితే ఆరటం ఆలస్యం, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. కళ్లంలో పది పదిహేను రోజులు ఆరిన తరువాత ఐదు కిలోల పచ్చి పసుపుకు సుమారు కిలో ఎండు పసుపు వస్తుంది. కొమ్మును, మండను వేరుచేసి, పీపాలో తిప్పి మెరుగు పెడతారు. తవ్విన దుంపలను ఏరే పనిలో, కళ్లం పనిలో ఉండేది ఎక్కువగా స్త్రీలే. యాత్రలో మాట్లాడేది మాత్రం పట్టాదారే కావడం ఆనవాయితీ అయింది. ఏరే కూలీ ఎంత, రోజుకు ఎన్ని గంటలు, నడుము నొప్పికి ఏమి చేస్తారన్న ప్రశ్నలు వారినే అడగాలి. ఆ సమయానికి వారి కూలీ కోతపడకుండా నిర్వాహకులే చూడవలసి ఉంటుంది.

పసుపు మడిలోకి ఎవరినీ దింపరాదు. దుంపకుళ్ళు తెగులు శిలీంద్రం తడి మట్టిలో ఉండి, చెప్పుల మట్టితో ఒక చేను నుండి ఇంకొక చేనుకు చేరుతుంది. నలభై మంది యాత్రికులు తెగులున్న చేనులో దిగి, అదే పూట ఇంకొక రైతు చేనులో దిగితే యాత్ర చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. గట్టు మీది నుండే చూపించవచ్చు. కళ్లంలోకైతే చెప్పులతో వెళ్ళకూడదన్న కట్టుబాటు ఊరిలో ముందే ఉంది.

యాత్ర చివర పసుపు పొడి అమ్మకం సహజంగానే జరుగుతుంది. ఇక్కడ చిన్న ప్రదర్శన ఉపయోగకరం. పొడి కలిపిన నీటిలో కొన్ని చుక్కల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే గులాబి రంగు వస్తుంది. మరికొంత నీరు పోసినప్పుడు ఆ రంగు పోతే అది పసుపు రంగే. పోకుండా నిలిస్తే మెటానిల్ ఎల్లో అనే నిషిద్ధ రంగు కలిసిందని అనుమానించాలి. ఆమ్లం ప్రమాదకరం గనుక శాస్త్రవేత్త చేతి మీదుగానే ఇది జరగాలి. ఇంటి పసుపు కొనడానికి వచ్చినవారికి, బజారు పసుపు గురించి తెలిసి వెళ్ళడం అదనపు లాభం.

ఎండిన చెరువు యాత్ర

మే నెలలో చూడటానికి ఏమీ ఉండదన్న అభిప్రాయం సరికాదు. మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న ప్రారంభమైనది ఇందల్వాయికి దక్షిణంగా ఇదే రహదారి మీదనున్న సదాశివనగర్ పాత చెరువు వద్దనే. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను లెక్కించి చేపట్టిన ఆ పథకంలో పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో చేలకు తోలుకున్నారు. ఆ మట్టి విలువ ఎంతో, అది ఏ నేలకు సరిపోతుందో ఎండిన చెరువు అడుగునే చెప్పవచ్చు. ఎకరం చేనుపై ఒక సెంటీమీటరు మందం పరచడానికి దాదాపు 40 ఘనపు మీటర్ల మట్టి కావాలి. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన 13, 14 ట్రాలీలు. చల్కా నేలలో ఇది తేమను పట్టే శక్తిని పెంచుతుంది, నల్లరేగడిలో మురుగు సమస్యను పెంచవచ్చు. ఉప్పు శాతం, ఉదజని సూచిక పరీక్షించకుండా తోలుకున్న మట్టి కొన్నిచోట్ల బెడిసికొట్టవచ్చు. విద్యార్థులు అడుగు నుండి, అంచు నుండి, మత్తడి దగ్గరి నుండి మూడు నమూనాలు తీసి మట్టిని చేతితో ఉండ చేసి, పొడవుగా పాము చుట్టి చూస్తే బంకమట్టి ఎక్కడ చేరిందో, ఇసుక ఎక్కడ ఆగిందో వెంటనే తెలుస్తుంది.

పెద్ద జలాశయాల పూడిక ఇంత తేలికగా వదలదు. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ తొలి నిల్వ సామర్థ్యం 112 టీఎంసీలు. పూడిక వల్ల తరువాతి సర్వేలలో అది సుమారు 80 టీఎంసీలకు దిగింది. నందిపేట వైపు దాని వెనుక జలాల ఒడ్డున నీరు తగ్గిన కాలంలో కృష్ణజింకల గుంపులు, వలస వచ్చిన కొంగలు కనిపిస్తాయని నిజామాబాదు నుండి కుటుంబాలు వెళ్తుంటాయి. అదే ఒడ్డున నీరు వెనుకకు పోయిన కొద్దీ రైతులు పంట వేస్తారు. జింక మేసేది కూడా ఆ పంటనే. చూడవచ్చినవారు జింకల వెంట వాహనాలు తోలితే తొక్కుడుపడేదీ ఆ పంటే.

గ్రామాభివృద్ధి కమిటీలు నిజామాబాదు జిల్లాలో బలమైన వ్యవస్థలు. చేపల హక్కులు, ఉమ్మడి ఆదాయాల వంటివి చాలా ఊళ్ళలో వాటి తీర్మానంతోనే నడుస్తాయి. యాత్ర రుసుము కూడా అక్కడే చర్చకు రావాలి. రుసుములో నీరటికి, మత్స్యకార సంఘానికి, కళ్లం చూపిన రైతుకు, వంట చేసిన స్త్రీల సంఘానికి ఎంతెంత అన్నది ముందే వ్రాసుకోవడం అవసరం. కమిటీ ఒక్కటే వసూలు చేసి గుడికో, ప్రహరీ గోడకో ఖర్చుపెడితే, మరుసటి ఏడు నీరటి యాత్రికులతో మాట్లాడడు. వలవేసే వారు యాత్ర వచ్చిన రోజున వల వేయరు. ఈ సంగతి తీర్మానం వ్రాసేటప్పుడు కమిటీకి చెప్పవలసినది విస్తరణ శాస్త్రవేత్తే.

గుంపు పాతికమందికి మించకూడదు. కట్ట మీది నడక రెండు కిలోమీటర్లు చాలు, ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించవచ్చు. తూము వద్ద అరగంట, మత్తడి వద్ద అరగంట, ఒక బావి వద్ద కొంతసేపు, కళ్లం వద్ద మిగతాది. భోజనంలో చెరువు చేప, జొన్న రొట్టె, ఆ కాలపు ఆకుకూర. మధ్యాహ్నం తరువాత ఆర్మూరు దిశగా వెళ్ళదలచినవారికి అంకాపూర్ దారి పక్కన పచ్చి మక్క కంకులు కాల్చి అమ్మే వారుంటారు. ఆ ఊరు ఎర్రజొన్న వంటి పంటల విత్తనోత్పత్తికి పేరుపొందినది గనుక విత్తనశాస్త్ర విద్యార్థులకు అక్కడ వేరే పూట కేటాయించవలసి ఉంటుంది. అదే రోజున కలపకూడదు.